సింధియా యార్డుకి మార్కులు: పనితనానికి నాలుగు, గడువుకి రెండు

చీపురుపల్లి ప్లాట్‌ఫారం మీదో ఆమదాలవలసలోనో విశాఖ వెళ్ళే రైలు కోసం నిలబడ్డ కుర్రాణ్ణి ఎక్కడ పని అని అడగండి. "సింధియాలో" అంటాడు. సింధియా అనేది ఒకప్పటి ఓడల కంపెనీ. 1961లోనే ఉన్న వాటా మొత్తం వదులుకుని వెళ్ళిపోయింది. పేరు మాత్రం విశాఖలో ఒక జంక్షన్‌కీ, సిటీ బస్సు బోర్డుకీ, మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నోటికీ అంటుకుని ఉండిపోయింది. గేటు మీద రాసి ఉండేది హిందూస్థాన్ షిప్‌యార్డ్ లిమిటెడ్ అని. చోటు గాంధీగ్రామం. యజమాని కేంద్ర ప్రభుత్వం, 2010 నుంచి రక్షణ శాఖ కింద.

హోటలుకీ మిక్సీకీ రివ్యూ రాసినట్టే ఓడల యార్డుకీ రాయొచ్చు. ఏం చేసి పెడుతుంది, చెప్పిన రోజుకి ఇస్తుందా, ఇచ్చింది నిలుస్తుందా, తేడా వస్తే ఎక్కడ వస్తుంది? కొనేది నేవీ అయినా కట్టేది మన డబ్బు. పైగా విజయనగరం, శ్రీకాకుళం ఐటీఐల నుంచి వెళ్ళే వెల్డర్లకీ ఫిట్టర్లకీ ఈ యార్డు ఎలాంటిదో తెలిసి వెళ్ళడం మంచిది. మార్కులు ముందే చెప్పేస్తాం. పనితనానికి 5కి 4. గడువుకి 5కి 2, ఈమధ్య పని చూస్తే రెండున్నర. సబ్‌మెరైన్ మరమ్మతుకి 3, అదీ నేర్చుకున్నందుకు.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. మనవైపు "డాక్‌యార్డు", "షిప్‌యార్డు" అని ఒకదానికొకటి వాడేస్తారు. నేవల్ డాక్‌యార్డు నేవీ సొంత మరమ్మతు కేంద్రం, అక్కడ ఉద్యోగమంటే నేవీ పౌర ఉద్యోగం. అణు సబ్‌మెరైన్ అరిహంత్ కట్టింది షిప్ బిల్డింగ్ సెంటర్, అది వేరే సంస్థ. మనం మాట్లాడుకునే షిప్‌యార్డు ప్రభుత్వ రంగ కంపెనీ: టెండరు వేసి ఆర్డరు తెచ్చుకోవాలి, లాభనష్టాలు చూసుకోవాలి, బయట ఓడలు కూడా బాగుచెయ్యాలి. ఏ గేటుకి వెళ్ళాలో తెలీకుండా దరఖాస్తు పెట్టే కుర్రాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

యార్డు ఇక్కడికెందుకొచ్చిందో తెలియాలంటే గరివిడి దగ్గర మొదలుపెట్టాలి. గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల నేలలో 1890లలోనే మాంగనీసు తవ్వారు. మధ్య పరగణాల నుంచి వచ్చే మాంగనీసుని కూడా సముద్రం దాటించడానికి విశాఖలో లోపలి రేవు కట్టారు. 1933 అక్టోబరు 7న ఆ రేవులోకి మొదట అడుగుపెట్టిన ఓడ జలదుర్గ, సింధియా వాళ్ళదే. ఎనిమిదేళ్ళ తర్వాత అదే కంపెనీ, పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ పూనికతో, అదే రేవులో ఓడలు కట్టే యార్డు పెట్టింది. 1941 జూన్ 21న శంకుస్థాపన చేసింది బాబూ రాజేంద్రప్రసాద్. చేతిలో బ్రిటిష్ ప్రభుత్వం ఆర్డరు లేదు, అండ లేదు. పది నెలలు తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేశాయి. సామాను, పని బొంబాయి వైపు తరలిపోయాయి. మొదటి ఓడ నీళ్ళలో దిగేసరికి దేశానికి స్వాతంత్ర్యమే వచ్చేసింది.

ఆ ఓడ జల ఉష, 8,000 టన్నుల ఆవిరి ఓడ. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా దిగింది. అప్పటికి మనం కూడా విశాఖపట్నం జిల్లావాళ్ళమే. శ్రీకాకుళం జిల్లా విడిపోయింది 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా పుట్టింది 1979లో. అంచేత "వాళ్ళ యార్డు" అనడానికి చరిత్ర ఒప్పుకోదు.

కట్టడం వచ్చింది, అమ్మడమే కష్టమైంది. ఇంగ్లండు నుంచి తెచ్చుకుంటే పడే ఖరీదు కంటే ఇక్కడ కట్టిన ఓడకి ఎక్కువ అయ్యేది. ఉక్కు, ఇంజన్లు, వించీలు అన్నీ దిగుమతి. ఓడ కొనే కంపెనీ ఇంగ్లండు ధరే ఇస్తానంటుంది, తేడా ప్రభుత్వం భరించాలి. సింధియా వల్ల కాలేదు. 1952 జనవరిలో ప్రభుత్వం మూడింట రెండు వంతుల వాటా తీసుకుని హిందూస్థాన్ షిప్‌యార్డ్ అని పేరు పెట్టింది. సలహాకి ఒక ఫ్రెంచి యార్డుని తెచ్చుకున్నారు. 1961లో మిగతా వంతూ ప్రభుత్వానిదే అయింది. ఆ సబ్సిడీ అలవాటు రూపాలు మార్చుకుంటూ 2007 దాకా సాగింది. ధర తేడా ఎవరో ఒకరు నింపుతారంటే గడువు మీద పట్టు సడలుతుంది. ఈ యార్డు మీద వచ్చే ఫిర్యాదుల్లో సగానికి వేరు అక్కడుందని మా అభిప్రాయం.

నేవీ పని ఆలస్యంగా, కొంచెం కొంచెంగా వచ్చింది. 1964లో సర్వే ఓడ దర్శక్. 1990 ప్రాంతంలో సుకన్య తరగతి గస్తీ ఓడలు ఏడింటిలో మూడు కొరియా నుంచి వస్తే, నాలుగు ఇక్కడ కట్టారు: సావిత్రి, సరయు, శారద, సుజాత. వీటిలో సరయుని 2000లో శ్రీలంక నేవీ తీసుకుంది, సయుర అని పేరు మార్చుకుంది. నేవీ కాకుండా ఓఎన్‌జీసీకి 1987లో సాగర్ భూషణ్ అనే డ్రిల్లింగ్ ఓడ, ఇంకా బల్క్ క్యారియర్లు, టగ్గులు, డ్రెడ్జర్లు. మొత్తం రెండు వందలకు పైగా ఓడలు ఇక్కణ్ణుంచి వెళ్ళాయి. వాటిలో దశాబ్దాలపాటు పనిచేసినవి చాలానే ఉన్నాయి. పనితనానికి నాలుగు మార్కులు అందుకే.

గడువు దగ్గరికి వద్దాం. పేపర్లో ఫోటో వచ్చేది ఓడ నీళ్ళలో దిగిన రోజున. కొబ్బరికాయ, పూలదండ, బ్యాండు మేళం. చూసినవాళ్ళు ఓడ అయిపోయిందనుకుంటారు. జలప్రవేశం అంటే ఇంటికి స్లాబు వేసిన రోజు. గృహప్రవేశం కాదు. స్లాబు పడ్డాక వైరింగు, పైపులు, టైల్సు, తలుపులు, పెయింటు మిగిలే ఉంటాయి. ఇల్లు కట్టించినవాడికి తెలుసు, డబ్బూ కాలమూ కరిగేది అక్కడే. నేవీ ఓడలో మరీనూ.

లెక్క చూడండి. సబ్‌మెరైన్లకి ప్రమాదం జరిగితే ఆదుకునే డైవింగ్ సపోర్టు ఓడలు రెండింటికి 2018లో ఒప్పందం అయింది. 2022 సెప్టెంబరులో రెండూ ఒకే రోజున నీళ్ళలో దిగాయి. మొదటిది నిస్తార్, దాదాపు 120 మీటర్ల పొడవు, 10,000 టన్నులు. అది నేవీ చేతికొచ్చింది 2025 జులైలో. దిగాక మూడేళ్ళకి రెండు నెలలే తక్కువ. క్షిపణుల జాడ పట్టే ధ్రువ్ అంతకంటే నిదానం: 2014లో కీల్ (ఓడ అడుగున వెన్నెముక లాంటి దూలం) వేశారు, నేవీలో చేరింది 2021 సెప్టెంబరులో. అది తయారవుతున్నంత కాలం దాని పేరు ఎవరికీ చెప్పలేదు, వీసీ-11184 అనే యార్డు నంబరే పేరు. నంబరుతో ఏడేళ్ళు బతికిన ఓడ!

దిగడానికీ ఇవ్వడానికీ మధ్య ఏం జరుగుతుందో ఎవరూ రాయరు. కాస్త దగ్గరగా చూద్దాం.

ఓడని ఇప్పుడు అడుగు నుంచి పైకి గోడ లేపినట్టు కట్టరు. వందల టన్నుల బ్లాకులుగా షాపులో, అంటే యార్డు షెడ్డులో, చేసి, క్రేనుతో తెచ్చి అతుకుతారు. బ్లాకు షాపులో బోర్లా పడుకుని ఉన్నప్పుడే పైపులు, కేబుల్ ట్రేలు, దిమ్మలు బిగించెయ్యాలి. యార్డుల్లో అందరూ చెప్పుకునే కొలత ఒకటుంది: షాపులో గంట పట్టే పని బ్లాకు మీద మూడు గంటలు, ఓడ లోపల ఎనిమిది గంటలు. ఎందుకంటే ఓడలో పనివాడు ముందు మెట్లు దిగాలి, దీపం లాక్కోవాలి, గాలి గొట్టం వేసుకోవాలి, మంట పని అనుమతి తెచ్చుకోవాలి, పక్కన పెయింటు వేసేవాడు వెళ్ళేదాకా ఆగాలి. డ్రాయింగు ఆలస్యమైతే పైపు షాపులో పడదు, ఎనిమిది గంటల చోటికి పోతుంది. ఒక్క పైపుకి అంటే నవ్వుకోవచ్చు. వేల పైపులు.

ఇంకోటి ఇంజన్. డెక్కు మూసేలోపు ఇంజన్, జనరేటరు లోపలికి దిగాలి. రాకపోతే రెండే దారులు. అక్కడ పెద్ద రంధ్రం వదిలి ఓడని అలాగే ముందుకి తీసుకెళ్ళడం, లేదా మూసేసి తర్వాత కొయ్యడం. కోసినప్పుడు ఖర్చు కోతకి కాదు. కింద వేసిన పెయింటు కాలిపోతుంది, దగ్గరున్న కేబుళ్ళు విప్పాలి, ట్యాంకు పరీక్ష మళ్ళీ చెయ్యాలి. ఒక ఇంజన్ నాలుగు నెలలు లేటైతే ఓడ నాలుగు నెలలే లేటవుతుందనుకోవడం కాగితం మీది లెక్క.

ఉక్కు సంగతి కూడా చెప్పాలి. పక్కనే స్టీల్‌ప్లాంటు పెట్టుకుని ప్లేటు కోసం ఎదురుచూడటమేమిటని మనవాళ్ళు అడుగుతూ ఉంటారు. విశాఖ ఉక్కు చేసేది కడ్డీలు, తీగ, యాంగిల్సు లాంటి పొడుగు సరుకు. ఓడకి కావలసింది వెడల్పు ప్లేటు, అది ప్రభుత్వ రంగ ఉక్కు కంపెనీ సెయిల్ లాంటి వాళ్ళ ప్లేటు మిల్లుల నుంచి రావాలి. నేవీ ఓడకైతే డీఎంఆర్ 249ఏ లాంటి ప్రత్యేకమైన ఉక్కు. ఏ మిల్లులో పోసినా అందులో మాంగనీసు ఉండి తీరాలి. లేకపోతే గంధకం ఇనుముతో కలిసి, వేడి మీద సాగదీసేటప్పుడు ప్లేటు పగిలిపోతుంది. గరివిడి నేలకీ ఓడకీ బంధుత్వం రేవుతో ఆగిపోలేదన్నమాట.

ఇక అతుకులు. బొబ్బిలి వీణ ఏకాండి, ఒకే పనస దుంగలోంచి తొలిచి తీస్తారు. ఓడ దానికి సరిగ్గా తలకిందులు, ఒళ్ళంతా అతుకే. ఆ అతుకు వేసే చేతికే యార్డులో విలువ. మన ఐటీఐ వెల్డరు గేటు దగ్గర రాసే పరీక్షలో ప్లేటు 3జీ, అంటే నిలువు అతుకు, 4జీ అంటే తలమీద అతుకు, పైపు పనికైతే 6జీ, 45 డిగ్రీల వాలులో కదపకుండా బిగించిన పైపు. ఎక్కువమంది పోయేది మొదటి పొరలో, రూట్ దగ్గర. ప్లేట్ల మధ్య సందు సమానంగా పెట్టుకోకుండా మొదలుపెట్టడం, స్టార్టూ స్టాపూ దగ్గర గ్రైండ్ చెయ్యకుండా మళ్ళీ అంటించడం. ఎక్స్‌రేలో అవి నల్లటి చుక్కలుగా, గీతలుగా కనబడతాయి.

ఈ7018 అనే వెల్డింగు రాడ్డు సంగతి మనవైపు ఫాబ్రికేషన్ షెడ్లలో ఎవరూ పట్టించుకోరు, యార్డులో మాత్రం దానికోసం ఉద్యోగం పోతుంది. ప్యాకెట్టు విప్పాక 350 డిగ్రీల దగ్గర గంట నుంచి రెండు గంటలు కాల్చాలి, తర్వాత 100 నుంచి 150 డిగ్రీల ఓవెన్‌లో ఉంచాలి, పని దగ్గరికి వేడి డబ్బాలోనే తీసుకెళ్ళాలి. జేబులో పెట్టుకుని తిరిగిన రాడ్డు సముద్రపు గాలిలోని చెమ్మ తాగేస్తుంది. ఆ చెమ్మలోని హైడ్రోజన్ అతుకులోకి పోతుంది. అతుకు ఆ రోజు నిగనిగలాడుతుంది, పగులు ఒకటి రెండు రోజులు పోయాక వస్తుంది. అందుకే గట్టి ఉక్కు మీద పరీక్ష 48 గంటలు ఆగి చేస్తారు. తనిఖీవాడు కావాలని తిప్పుతున్నాడనుకుంటారు కొత్తవాళ్ళు.

వరస కూడా ముఖ్యం. పలక మీద ముందు అడ్డ అతుకులు, తర్వాత పొడుగు అతుకులు, నడిమి నుంచి బయటికి. తొందరలో తిరగేస్తే ప్లేటు ముడుచుకుని లోపలికి గుంటలు పడుతుంది. బయట నుంచి చూస్తే ఓడ పక్క కరువులో ఎద్దులా, ఎముకలు లెక్కపెట్టేలా తయారవుతుంది. దాన్ని సరిచెయ్యడానికి గ్యాసు మంటతో గీతలు గీసి నీళ్ళు పోస్తారు. అదో కళ. కానీ ఆ కళ ఎక్కువగా వాడాల్సి వస్తోందంటే వెల్డింగు వరస తప్పుతోందని అర్థం.

ట్యాంకు పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. ట్యాంకు మూసేసి గాలి పంపుతారు, 0.2 బార్ దాకా ఎక్కించి గంటసేపు నిలకడగా ఉందో లేదో చూసి 0.15కి దించి, అతుకుల మీద సబ్బునీళ్ళు కొట్టి బుడగ కోసం వెతుకుతారు. 0.15 బార్ అంటే ఒకటిన్నర మీటరు నీటి బరువు, అంతే. సైకిలు ట్యూబులో ఉండేదాంట్లో చిన్న భాగం. అయినా వెడల్పాటి గోడ మీద ఆ కాస్త గాలే టన్నులు నెడుతుంది. అందుకే గేజిని ఒక్కదాన్నే నమ్మకుండా నీళ్ళ గొట్టం పక్కన పెడతారు. అతుకు మీద పెయింటు వేసేసి పరీక్షకి పిలిస్తే పరీక్షే కాదు. పెయింటు సన్నటి రంధ్రాన్ని కొన్నాళ్ళు మూసి ఉంచుతుంది, తర్వాత సముద్రం తీస్తుంది.

పెయింటుకి మన తీరం పెద్ద శత్రువు. ఇసుకతోనో గ్రిట్‌తోనో ఎస్‌ఏ 2½ అనే శుభ్రత ప్రమాణం దాకా తుప్పు రాల్చాక, ప్లేటు వేడి, గాలిలోని మంచు కురిసే డిగ్రీ కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉంటేనే బ్రష్షు ముట్టాలి, గాల్లో తేమ 85 శాతం లోపు ఉండాలి. కార్తీకం తెల్లవారుజామున, శ్రావణం వానల్లో ఆ రెండూ దొరకవు. ఉప్పు పొడి కంటికి కనబడదు, మంచినీళ్ళతో కడగాల్సిందే. కడగని చోట ఏడాదిలోపు బొబ్బలు.

ఈ లెక్కన కప్పు ఉన్న బిల్డింగ్ డాకు, అంటే గేటున్న ఓడ కట్టే గొయ్యి, ఈ యార్డుకి పెద్ద ఆస్తి. 80,000 టన్నుల ఓడ దాకా అందులో కట్టొచ్చు. వానలో కూడా వెల్డింగు ఆగదు. పాత పద్ధతి స్లిప్‌వేలు, అంటే ఓడ నీళ్ళలోకి జారే వాలు వేదికలు, మూడున్నాయి. స్లిప్‌వే జలప్రవేశం ఒళ్ళు గగుర్పొడిచే వ్యవహారం, దాని గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేం.

నీటి వైపు దాదాపు ఇరవైకి ఒకటి వాలు. ఓడ బరువు కట్టినన్నాళ్ళూ దిమ్మల మీద. దింపే ముందు అడుగున రెండు వరసల పట్టాలు వేస్తారు, కిందివి నేలకి బిగించినవి, పైవి ఓడతో జారిపోయేవి. మధ్యలో కొవ్వు: గట్టి పొర ఒకటి, దాని మీద మెత్తని జారుడు పొర. చెక్క వెడ్జిలు వరసగా, ఒకే తాళంలో కొట్టుకుంటూ పోతే ఓడ దిమ్మల మీంచి లేచి పట్టాల మీదకి వస్తుంది. ఈ మార్పిడి దింపడానికి కొద్ది గంటల ముందే చెయ్యాలి. రాత్రంతా వదిలేస్తే, అందులోనూ మే నెల ఎండలో, కొవ్వు కరిగి పక్కలకి కారిపోతుంది, మర్నాడు మంత్రిగారు మీట నొక్కినా ఓడ కదలదు. తేరు చక్రం కింద చెక్క పెట్టేవాడు ఎంత జాగ్రత్తగా ఉంటాడో ఇక్కడా అంతే.

కదిలాక అసలు భయం ఓడ సగం నీళ్ళలో ఉన్నప్పుడు. వెనక భాగం తేలడం మొదలవగానే మిగిలిన బరువంతా ముందు వైపు చిన్న ఊయల మీద పడుతుంది. ఆ ఊయల లెక్క తప్పితే ముక్కు దగ్గర ప్లేట్లు నలిగిపోతాయి. నీళ్ళు తక్కువుంటే ఇంకో ప్రమాదం: వెనక భాగం తేలకుండా పట్టా చివర దాటి కిందికి వంగుతుంది. అందుకే ముహూర్తం పంతులుగారు పెట్టినా తిథి మాత్రం అమావాస్యకో పౌర్ణమికో దగ్గర్లో, పోటు నిండిన గంటలో ఉంటుంది. భావనపాడు జాలరికి ఈ సంగతి చెప్పక్కర్లేదు. బిల్డింగ్ డాకులో ఈ నాటకం ఏదీ లేదు. గేటు తెరిచి నీళ్ళు వదిలితే ఓడ తనంతట తనే లేస్తుంది. వీడియోకి బాగోదు గానీ నిద్ర పడుతుంది.

సబ్‌మెరైన్ మరమ్మతు ఈ యార్డు పేరు బాగా చెడగొట్టిన సేవ. సింధుకీర్తి అనే రష్యా సబ్‌మెరైన్ మూడేళ్ళ పనికని వచ్చి తొమ్మిదేళ్ళు పడుకుంది, 2015లో గానీ నేవీకి తిరిగి వెళ్ళలేదు. తొమ్మిదేళ్ళు రేవులో ఉంటే సబ్‌మెరైన్ ఉన్నట్టా లేనట్టా? తప్పంతా యార్డు మీద వేస్తే అన్యాయం. పాత సబ్‌మెరైన్ విప్పడం పాత పెంకుటిల్లు విప్పడం లాంటిది. ఒక వాసం మార్చుదామని పెంకు తీస్తే పక్క వాసం చెదపట్టి ఉంటుంది. లోతులో నీటి బరువు మోసే లోపలి పొట్టుని అల్ట్రాసోనిక్ మీటరుతో అంగుళం అంగుళం కొలవాలి, పలచబడిన చోట కోసి కొత్త పలక వెయ్యాలి. ఆ వంపు తేడా మిల్లీమీటర్లలో ఉండాలి, గుండ్రం తప్పితే లోతులో నలిగిపోతుంది. కేబుళ్ళన్నీ తీసి మళ్ళీ వేస్తారు. విప్పిన తర్వాతే ఏ భాగం కావాలో తెలుస్తుంది, తెలిశాక ఆర్డరు రష్యాకి వెళ్తుంది. ఒప్పందంలో రాసిన పనీ విప్పాక తేలిన పనీ ఒకటి కాకపోతే గడువు ఎవరి మాటా వినదు. తర్వాత సింధువీర్ ఇక్కడే బాగుపడింది, 2020లో మయన్మార్ నేవీకి వెళ్ళింది. మూడు మార్కులు దానికి.

భద్రత మీద ఒక మాట, మెత్తగా చెప్పలేం. 2020 ఆగస్టు 1న బరువు పరీక్ష చేస్తుండగా 70 టన్నుల క్రేను కూలి 11 మంది చనిపోయారు. బరువు పరీక్ష అంటేనే క్రేను నిలుస్తుందో లేదో ఇంకా తెలియని సమయం. ఆ సమయంలో పరీక్షకి అవసరం లేని మనిషి దాని మీద గానీ, బూమ్ (క్రేను చెయ్యి) తిరిగే చుట్టుకొలతలో గానీ ఉండకూడదు. కాంట్రాక్టు మీద వెళ్ళే పిల్లలు ఈ ఒక్క సంగతిలో మొహమాటపడకూడదు, ఫోర్‌మన్ పిలిచినా సరే.

క్రేను కంటే చప్పుడు లేకుండా ప్రాణం తీసేది మూసిన ట్యాంకు. అందులో గ్యాసు ఏమీ లేకపోయినా తుప్పు పట్టే ఇనుము గాల్లోని ఆక్సిజన్ తినేస్తుంది. వాసన రాదు, ఊపిరాడటం లేదన్న అనుమానమూ రాదు, మోకాళ్ళు మడత పడిపోతాయి. బయటి గాల్లో ఆక్సిజన్ 20.9 శాతం. మీటరు 19.5 కంటే తక్కువ చూపించినా, 23.5 దాటినా దిగకూడదు. ఎక్కువైతే ఏమిటంటారా? కటింగ్ టార్చి గొట్టం రాత్రంతా కారి ఉంటుంది, నిప్పురవ్వ పడితే బట్టలు పత్తిలా అంటుకుంటాయి. మీటరు పైన ఒకసారి చూపిస్తే చాలదు, తాడు కట్టి అడుగుదాకా దించి చూడాలి. ఆర్గాన్ గాలి కంటే బరువు, అడుగున కూర్చుంటుంది. లోపల ఒకడు పడిపోతే కాపాడదామని మాస్కు లేకుండా దూకినవాడూ పడతాడు. పైన కాపలా మనిషి, 24 వోల్టుల దీపం, గాలి పంపే ఫ్యాను లేకుండా అనుమతి కాగితం ఉన్నా లేనట్టే.

ఇప్పుడు కొత్త ఆర్డరు. 2023 ఆగస్టులో నేవీ ఐదు ఫ్లీట్ సపోర్టు ఓడలకి దాదాపు రూ.19,000 కోట్ల ఒప్పందం ఇచ్చింది. ఒక్కొక్కటి 44,000 టన్నులు. సముద్రం మధ్యలో యుద్ధనౌకలకి నూనె, మందుగుండు, తిండి అందించే ఓడలివి. 2024 ఏప్రిల్ 10న మొదటిదానికి ఉక్కు కోశారు. నిస్తార్‌తో పోలిస్తే నాలుగింతల బరువు. సంక్లిష్టత మాత్రం అంత లేదు: పెద్ద ట్యాంకులు, పంపులు, మైళ్ళ కొద్దీ పైపులు. అంటే ప్లేటు వెల్డర్ల కంటే పైపు వెల్డర్లకీ, పైపు ఫిట్టర్లకీ ఎక్కువ పిలుపు వస్తుందని మా అంచనా. 6జీ చేతికి ఉన్నవాడు 3జీ వాడికంటే ముందుంటాడు. గడువు దగ్గర యార్డు మారిందా లేదా అనేది ఫోటోలు చూసి చెప్పలేం. మొదటి ఓడ తేలినప్పుడు అందులో ఇంజన్లు ఉన్నాయా, డెక్కుకి వదిలిన రంధ్రాలు ఎన్ని, పైపుల్లో ఎన్ని వంతులు అప్పటికే బిగించి ఉన్నాయి, ఇవి అడగాలి. నిస్తార్‌లో నాలుగింట మూడు వంతులకి పైగా సరుకు దేశంలోదే కావడం వల్ల విదేశీ భాగాల కోసం ఎదురుచూపులు కొంత తగ్గాయి. ఆ అర మార్కు అందుకే కలిపాం.

వెళ్ళే కుర్రాళ్ళకి చివరిగా. విజయనగరం నుంచి విశాఖ స్టేషనుకి రైల్లో దాదాపు 60 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి సింధియా మరో బస్సు. రాకపోకలు కలిపితే రోజులో బోలెడు గంటలు పోతాయి, రాత్రి డ్యూటీ అయ్యాక అదే రోజు తిరుగు రైలెక్కి మర్నాడు పొద్దున్న ఎత్తు మీద పనికి ఎక్కొద్దు. కాంట్రాక్టరు దగ్గర చేరిన మొదటి నెలలోనే పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ నంబరు అడిగి రాయించుకోండి, ఫోన్లో డబ్బు పడుతోందో లేదో మీరే చూసుకోండి. వెల్డర్ సర్టిఫికెట్టులో ఏ పొజిషను, ఏ మందం, ఏ రాడ్డు అని రాసి ఉంటుంది. పరీక్ష పాసైన రోజునే దాని నకలు తీసి ఇంట్లో పెట్టండి. కాంట్రాక్టరు మారితే ఒరిజినల్ పాత ఆఫీసు బీరువాలోనే ఉండిపోతుంది, పరీక్ష మళ్ళీ మొదటి నుంచి రాయాల్సి వస్తుంది.